తొకునగా మాస్టారి జెట్ విమానం

"నీ పని చాలా తేలిక, ఇనుజుకా," అన్నాడు గూఢచారి శాఖ సెక్షన్ చీఫ్ ఒనిత్సుకా, పళ్ళ సందున ఇరుక్కున్న చేపముల్లుని గోరుతో పీక్కుంటూ. "షిజుఒకా వెళ్ళు. మోడల్స్ ఎగ్జిబిషన్. నువ్వూ ఆ పిచ్చివాళ్ళలో ఒకడివేగా! ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక బొమ్మ జెట్ విమానం దేశం దాటడానికి బయల్దేరుతుంది. అది క్షేమంగా వెళ్ళేలా చూడు."

"వెళ్ళేలానా సార్? ఆగేలానా?"

"వెళ్ళేలా," అని ఆ ముల్లుని ఫైలు అట్టకి తుడిచాడు చీఫ్. ఇరవై రెండేళ్ళ సర్వీసులో వాంతి రాని బ్రీఫింగ్ ఒక్కటీ లేదు ఇనుజుకాకి.

సంగతేమిటంటే, ఇంకా గాల్లోకి లేవని కొత్త యుద్ధ విమానం ఒకటుంది. దాని గుట్టంతా ఇంజన్ గాలి పీల్చే నోటి అంచు వంపులో ఉంది. రాడార్‌కి చిక్కడమా, చిక్కకపోవడమా అన్నది ఆ వంపే తేలుస్తుంది. క్లాసెన్ అనే విదేశీ దళారి, అతని ముఠా రెండేళ్ళుగా దాని కోసం కాచుక్కూర్చున్నారు. కాగితంతో దొరికితే జైలు. అదే బొమ్మతో దొరికితే కస్టమ్స్ వాళ్ళు "భలే ముద్దుగా ఉందండీ" అని చేతికిచ్చి పంపిస్తారు. అందుకే బొమ్మ చేయించి పట్టుకుపోదామని వాళ్ళ ఎత్తు.

ఆ ముఠాలో రేయికో అసాబుకి ఉంది. నలుగురిలో నడిచొస్తే నలభై తలలు తిరిగే మనిషి. ముఠా తమదనుకుంటున్న ఈ రేయికో అసలు మన మనిషి. ఆమె ద్వారా ఆఫీసు ఒక డ్రాయింగ్ పంపింది. అన్నీ నిజమే, వంపు ఒక్కటే అబద్ధం. దాన్ని చూసి మోడల్ చేసింది తొకునగా గెంజో. డెబ్బై మూడేళ్ళాయన, విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ముఠా వాళ్ళు మ్యూజియం కోసం అన్నారు, పైనుంచి అనుమతి ఉందన్నారు, పాపం నమ్మాడు.

"ఆయనకి నిజం చెప్తే?" అన్నాడు ఇనుజుకా.

"చెప్పావంటే చంపుతా. ముసలాడి మొహం మీద అబద్ధం ఒక్క నిమిషం నిలవదు. ఆదివారం రాత్రి క్లాసెన్ ఆయన్ని భోజనానికి తీసుకెళ్ళి గంటసేపు కదిలిస్తాడు. ఒక్క మాట అటూ ఇటూ అయినా రేయికో శవం సముద్రంలో తేలుతుంది."

ఆదివారం మధ్యాహ్నం మూడూ ఇరవై. హాలంతా తిరునాళ్ళలా ఉంది. పక్కవాడి మోడల్ ముట్టుకోవడం కన్నా పక్కవాడి పెళ్ళాన్ని ముట్టుకోవడం నయం అక్కడ. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, మెడలు చాచి చూస్తున్నారు. ఇనుజుకా జేబుల చొక్కా తొడుక్కుని, నుదుటికి భూతద్దం పెట్టుకుని, యొకోసుకా మోడల్స్ క్లబ్బు సభ్యుడి వేషంలో మాస్టారి పక్క టేబుల్ దగ్గర నిలబడ్డాడు. ఆ భూతద్దం ఆఫీసు వాళ్ళిచ్చింది. దేన్ని చూస్తే దాని కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా చూపిస్తుంది. చెవిలో శనగగింజంత స్పీకర్ ఉంది.

రెండ్రోజులుగా మాస్టారు అతనికి తన ఫ్లాస్కులో టీ పోస్తున్నాడు. తెచ్చుకున్న అన్నం ముద్దల్లో సగం పెడుతున్నాడు. ఆ మోడల్ సంగతి ఏమని చెప్పను! బూడిదరంగులో ఏడు ఛాయలు కలిపాడు. పొగ మసి ఎక్కడ పట్టాలో అక్కడే పట్టింది, బూటు గీత ఎక్కడ పడాలో అక్కడే పడింది. ముప్ఫై ఏళ్ళుగా మోడల్స్ చేస్తున్న ఇనుజుకా ఇంత పనితనం ఎన్నడూ చూడలేదు. మురిపెంగా వంగి, భూతద్దం దించి, ఆ నోటి అంచు వైపు చూశాడు.

కొలత డ్రాయింగ్‌తో కలవలేదు.

"మాస్టారూ... ఈ అంచు..."

"పట్టేశావా!" మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఇంతమందిలో నువ్వొక్కడివే పట్టావోయ్! డ్రాయింగ్‌లో తప్పుంది. ఎవడో కుర్రకుంక నిద్రమొహంతో గీసుంటాడు. ఆ అంచు నమూనాల్ని పదకొండేళ్ళు ఈ చేత్తో రుద్దాను, నాకు తెలీదూ? అచ్చం అసలు విమానంలా ఉండాలన్నప్పుడు, అర మిల్లీమీటరు దిద్దితే తప్పేముంది? తప్పు మోడల్ మీద నా పేరెలా రాసుకుంటాను?"

అర మిల్లీమీటరంటే అసలు విమానంలో రెండున్నర సెంటీమీటర్లు. దొంగకి తాళం తప్పుగా చెప్పమంటే, తాళంచెవి చేసిచ్చినట్టయింది.

ఇనుజుకా స్తంభం చాటుకి పోయి చీఫ్‌కి చెప్పాడు. చీఫ్ ఏదో నములుతూనే విన్నాడు.

"లాక్కుంటే?"

"మనకి ముందే తెలుసని వాళ్ళకి అర్థమైపోతుంది సార్. రేయికో బతకదు."

"కింద పడేసి పగలగొట్టు."

"ముక్కలు ఏరుకుపోయి అతికించుకుంటారు. వాళ్ళకి కావాల్సింది అందం కాదుగా."

"అయితే ముసలాడి చేతే మార్పించు. ఫైల్లో రాసుంది, కళ్ళ పరీక్షలో ఫెయిలైతే ఫ్యాక్టరీ వాళ్ళు సాగనంపారు. ఆయన ఎవరికీ చెప్పుకోడు. అక్కడ పొడువు."

ఛీ, అనుకున్నాడు ఇనుజుకా. చీఫ్‌ని చూస్తే రోత, ఆ ఫైలు రాసినవాణ్ణి చూస్తే రోత. అయినా కాళ్ళు మాస్టారి టేబుల్ వైపే నడిచాయి. దూరంగా రేయికో క్లాసెన్‌ని తినుబండారాల దగ్గర ఆపి ఏదో కబుర్లు చెబుతోంది. ఆమె నవ్వు మరీ గట్టిగా ఉంది. టైము మూడూ ముప్ఫై అయిదు.

"మాస్టారూ, ఒక మాట. తప్పు డ్రాయింగ్‌ది కాదు, మీది."

మాస్టారు నవ్వుతూనే ఉన్నాడు. "పోవోయ్!"

"కొలిచి చెప్తున్నా. డ్రాయింగ్ గీసింది ఇంజనీర్లు, సంతకం పెట్టింది పదిమంది. మీరొక ఫిట్టరు."

"నా చెయ్యి చెప్తోందయ్యా."

"చేతికేం తెలుస్తుంది? చెప్పాల్సింది కళ్ళు. మీ కళ్ళు పనికిరావనే కదా ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికి పంపింది?"

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. ఆ మాట నీకెవరు చెప్పారని కూడా మాస్టారు అడగలేదు. డ్రాయింగ్ తీసి ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు, తరవాత మోడల్ చూశాడు, మళ్ళీ డ్రాయింగ్ చూశాడు. బొటనవేలితో గాల్లో ఆ అంచుని తడిమాడు. పదకొండేళ్ళు తడిమిన వంపు అది.

"ఇంతమంది చూస్తుండగా తప్పు పెట్టుకుని కూర్చున్నానా?" అన్నాడు చివరికి.

నోరు పడిపోతే బాగుండుననిపించింది ఇనుజుకాకి. "అవును మాస్టారూ," అన్నాడు.

మాస్టారు పెట్టె తెరిచి సన్నటి ఆకురాయి తీశాడు. పదిహేను రుద్దులు రుద్దాడు, పొడి ఊదాడు, గరుకు కాగితంతో నునుపు చేశాడు. చిన్న సీసాలోంచి అదే బూడిదరంగు కుంచె కొసకి తీసి అద్దాడు. కుంచె వెంట్రుకవాసి కూడా చెదరలేదు. నాలుగుకి మూడు నిమిషాలుండగా, అంచు ఎప్పుడూ అలాగే ఉందనిపించేలా తయారైంది. ఇనుజుకా భూతద్దం దించి కొలిచాడు. డ్రాయింగ్‌లో ఉన్న అబద్ధం అచ్చంగా మోడల్ మీదికి దిగింది.

అప్పుడొచ్చాడు క్లాసెన్, ఓదెన్ పులుసు తిన్న జిడ్డు వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుంటూ. వాడి వెనక రేయికో. డ్రాయింగ్‌ని ఆమె మెల్లిగా మడిచి చేతిసంచిలో వేసుకుంది.

"మాస్టారూ, అంతా డ్రాయింగ్ ప్రకారమేనా? ఎక్కడా తేడా లేదుగా?" అన్నాడు క్లాసెన్, నవ్వుతున్న నోటితోనూ నవ్వని కళ్ళతోనూ.

రేయికో వేళ్ళు సంచి పట్టీ మీద బిగుసుకున్నాయి. హాల్లో ముగింపు గంట మోగింది.

"ఒకచోట నేనే పొరబడ్డానండీ," అన్నాడు మాస్టారు తల దించుకుని. "ఈ అబ్బాయి చూసి చెప్పాడు, దిద్దేశాను. ఇప్పుడంతా డ్రాయింగ్ ప్రకారమే."

మాస్టారి మొహం మీద అబద్ధం వెతికితే ఎక్కడుంటుంది, ఆయన చెప్పింది నిజమైతే! క్లాసెన్ తృప్తిగా ఆ మోడల్‌ని జిడ్డు వేళ్ళతో రెక్క పట్టుకుని ఎత్తాడు. రెక్క పట్టుకుని! ఇనుజుకాకి ఆ వేళ్ళు విరిచెయ్యాలనిపించింది, చేతులు కట్టుకుని ఊరుకున్నాడు.

"చంపేశారు కదండీ ముసలాయన్ని," అంది రేయికో పక్కనుంచి పోతూ, పెదవి కదలకుండా. "నన్ను బతికించడానికి."

వాళ్ళు వెళ్ళాక మాస్టారు సామాన్లు సర్దుకున్నాడు. ఆకురాళ్ళు, కుంచెలు, రంగు సీసాలు పెట్టెలో పేర్చి, ఆ పెట్టెను ఇనుజుకా ముందుకి తోశాడు.

"ఉంచుకో అబ్బాయ్. తప్పు చేస్తున్నట్టు తెలియని చేతికి ఇవెందుకు? నువ్వు చెప్పడం మంచిదైంది. లేకపోతే ఆ తప్పు నా పేరు మీద ఎక్కడికో పోయుండేది." నడుం వంచి దణ్ణం పెట్టాడు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాడు ఇనుజుకా. మీరే కరెక్టు మాస్టారూ, ప్రపంచంలో మీరొక్కరే కరెక్టు, అని నోటిదాకా వచ్చింది. రాత్రి క్లాసెన్‌తో ఆయన భోజనం గుర్తొచ్చి మింగేసి, తనూ నడుం వంచాడు. మళ్ళీ తలెత్తేసరికి ఆయన గుంపులో కలిసిపోయాడు.

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "భేష్! రిపోర్టు రాయాలి. మనవైపు నష్టం ఏమన్నా జరిగిందా?"

"పెద్దగా ఏం లేద్సార్," అన్నాడు ఇనుజుకా. "అర మిల్లీమీటరు."