ఇంట్రెస్టింగ్ కాదట!

"ఐయామ్ బోరింగ్ సార్," అందా అమ్మాయి, క్లాసు ఎలా ఉందని మాస్టారు అడిగితే. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసంతా గొల్లుమంది.

మాస్టారంటే పెద్దాయనేం కాదు, పెళ్లికాని కుర్రాడే. కానీ తప్పు కనబడితే దిద్దేదాకా నిద్రపట్టని రకం.

"మీకు విసుగ్గా ఉంటే బోర్‌డ్. మీరే ఎదుటివాళ్లకి విసుగు తెప్పిస్తే బోరింగ్. మీరు ఏది?"

"రెండోదే సార్. కావాలంటే మా అక్కనడగండి."

ఈసారి మాస్టారికే నవ్వాగలేదు. అతని పని ఆ నవ్వుతోనే అయిపోయింది.

ఆమె పక్కవీధి కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వానొస్తే అందరూ క్లాసు ఎగ్గొట్టేవారు. ఆమె మాత్రం గొడుగు దులుపుకుంటూ వచ్చేది. పాఠం చెప్పాల్సినవాడు మబ్బులకేసి ఆశగా చూడటం మొదలుపెట్టాడు.

ఆమె బ్యాచికి కోర్సు అయిపోయింది. ఇక కనబడదేమోనన్న భయంతో మెసేజ్ పెట్టాడు: "మనం పెళ్లి చేసుకుంటే బాగుంటుందని నాకుంది. ఆర్ యూ ఇంట్రెస్టెడ్?"

చాలాసేపటికి జవాబొచ్చింది: "ఐయామ్ నాట్ ఇంట్రెస్టింగ్."

ఇన్నాళ్లు చెప్పినా మళ్లీ అదే తప్పు! మనసులోనే దిద్దుకున్నాడు. నాట్ ఇంట్రెస్టెడ్, అంటే ఇష్టం లేదన్నమాట. పాపం, ప్రాణం ఉసూరుమంది. "పర్లేదండీ, అర్థమైంది," అని మర్యాదగా పంపేశాడు.

మర్నాడు వాళ్లక్క తిన్నగా క్లాసులోకే వచ్చేసింది.

"ఏమండీ మాస్టారూ! 'నాలో ఏముందని నచ్చాను, నేనో చప్పటి మనిషిని' అని మా చెల్లి భయపడుతూ చెప్పుకుంటే, 'పర్లేదు, అర్థమైంది' అంటారా? నిన్నట్నుంచి అది ముద్ద ముట్టలేదు!"

చాక్‌పీసు చేతిలో ఉండగానే మాస్టారు షాపుకి పరిగెత్తాడు.

"మీ మెసేజ్‌లో తప్పుంది," అన్నాడు రొప్పుతూ.

ఆమె తలెత్తలేదు. "లేదు సార్. ఒకటికి రెండుసార్లు చూసుకునే రాశాను."

"గ్రామర్‌కేం, బంగారంలా ఉంది. అనవసరంగా నేనే దిద్దుకున్నాను. తప్పంతా విషయంలోనే ఉంది. మీరు రాకపోతే నా క్లాసు నాకే బోరు కొడుతోందండీ!"

ఆమె చేతిలో అద్దం పక్కన పెట్టింది. కళ్లు తుడుచుకుంది.

"అయితే దిద్దండి మరి," అంది, మొదటిసారి సార్ అనకుండా.