వేచి చూసేవాళ్లు

"ఈ హెడ్డింగ్ పెట్టిందెవరండీ?"

వానలో తడుస్తూ పత్రికాఫీసులోకి వచ్చిన యువకుడు పేపరును బల్ల మీద పరిచాడు. 'రైతులు మొద్దులని నిరూపించిన ఆర్థికవేత్తకు అవార్డు.'

"నేనే. తప్పుందా?" అంది సబ్‌ఎడిటర్.

"ఆ అవార్డు వచ్చింది మా మేడమ్‌కే. ఆవిడ చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. నేను ఆవిడ దగ్గరే రీసెర్చ్ చేస్తున్నాను."

ఆమె ముఖం పాలిపోయింది. కుర్చీ చూపించి, "మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పండి. రేపే సవరణ వేస్తాం" అంది.

అతను గ్రాఫ్ గీశాడు.

"ఇది చూడగానే మా అమ్మ లేచి వెళ్లిపోయింది" అంది ఆమె.

అతనికి నవ్వొచ్చింది. కాగితం పక్కన పెట్టేశాడు.

"కొత్త విత్తనం వచ్చిందనుకోండి. ఒక్క పంట పోయినా ఇల్లు గడవదు. అందుకే పక్క చేలో ఎలా పండుతుందో చూద్దామని రైతు ఆగుతాడు. పక్క రైతూ ఇతని చేను చూస్తూ ఆగుతాడు. ఇద్దరూ తెలివైనవాళ్లే, విత్తనం మాత్రం సంచిలోనే ఉండిపోతుంది. దీన్ని లెక్కగట్టి నిరూపించింది మేడమ్. ముందు వేసినవాడికి నష్టమొస్తే అందరూ తలా కాస్త భరించాలి, అప్పుడే చిక్కు వీడుతుందన్నారు."

మర్నాడు పేపర్లో సవరణ చూసి మేడమ్ స్వయంగా ఆమెకి ఫోన్ చేశారు. "ముప్పై ఏళ్లుగా నేనేం చేస్తున్నానో మా అక్కకి ఇవాళ తెలిసిందమ్మా. మీరిద్దరూ ఇలాగే వారం వారం పేపర్లో రాయండి."

అలా ప్రతి గురువారం అతను రాసుకురావడం, ఆమె అందులో మాటలు కొట్టేయడం మొదలైంది.

"మళ్లీ 'తద్వారా' ఎందుకండీ?"

"నిండుగా ఉంటుందని."

ఆమె కోపంగా కొట్టేసేటప్పుడు చూడటానికి బాగుంటుందని, అతను కావాలనే ఆ మాట రాసేవాడు.

ఆరు నెలలు గడిచాయి. ఒక గురువారం అతను ఖాళీ చేతులతో వచ్చాడు.

"వేరే ఊళ్లో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి."

"మంచిదే" అంది ఆమె, తల ఎత్తకుండా.

అతను మెట్ల దాకా వెళ్లాడు. వెనకాల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఆరు నెలలుగా మీరే అడుగుతారని చూస్తున్నాను" అంది ఆమె, గుమ్మం పట్టుకుని.

"నేనూ... మీరేమైనా అంటారేమోనని" అన్నాడు అతను. "కాదంటే గురువారాలు కూడా పోతాయని భయం."

"కాదనను."

అతను ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. ఆమె బ్యాగు తెచ్చుకుని అతని పక్కకొచ్చి నిలబడింది.

"లేవండి. నాన్న ఇంటికొచ్చే వేళైంది. ఆయనతో మాత్రం మీరే మాట్లాడాలి."