మొలకెత్తిన ఓటు

"కొంప మునిగింది శంకరంగారూ! గింజలు పోయాయి!" అంటూ మ్యూజియం కమిటీ ప్రెసిడెంటు కృష్ణకుమారి వచ్చి కుర్చీలో కూలబడింది.

డిటెక్టివ్ భీమశంకరం మంచినీళ్ళు అందించాడు. "అయ్యో, మన గింజలే!" అంది ఆయన అసిస్టెంట్ శ్రీవిద్య. హార్ట్‌వెల్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ గింజలు తెలియకపోవడమా! ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఈ మసాచుసెట్స్ ఊళ్ళో ఓటుగా ఔనంటే మొక్కజొన్న గింజ, కాదంటే చిక్కుడు గింజ వేసేవారు. గవర్నరు పన్ను కట్టబోమంటూ ఊరిపెద్దలు వేసిన పన్నెండు చిక్కుడు గింజలూ మ్యూజియం సీసాలో ఉండేవి. మూడో క్లాసులో శ్రీవిద్య ఆ సీసాకి ముక్కు ఆనించి నిలబడితే, మ్యూజియం చూసుకునే మిస్టర్ విట్‌కోంబ్ వాటి కథ చెప్పాడు. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

"మ్యూజియం పది రోజులు క్లోజ్. ఇవాళ ఓపెన్ చేస్తే సీసా ఖాళీ! తాళంచెవులు నాకూ విట్‌కోంబ్‌గారికీ తప్ప ఎవరికీ లేవు. ఆ దేవుడిలాంటి మనిషిని ఎవరు అనుమానిస్తారు? వచ్చేవారం టౌన్ బోర్డ్ ఎలక్షన్లో నేను నిలబడుతున్నాను. దొంగకి ఎవరండీ ఓటేస్తారు?"

"ఈమధ్య గింజల మాట ఎవరైనా ఎత్తారా?"

"యూనివర్సిటీవాళ్ళు టెస్ట్ చేసి వయసు చెప్తామన్నారు. నేనే రమ్మన్నాను."

మ్యూజియంలో విట్‌కోంబ్ ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళుగా ఆయనే క్యూరేటర్. "పది రోజులుగా ఈ గడప తొక్కలేదు" అన్నాడు.

భీమశంకరం కిటికీలోని పూలకుండీలో వేలు పెట్టి చూశాడు. మట్టి తడిగా ఉంది.

"ఈ మొక్క ఎవరు పెంచుతున్నారు?"

"నేనే."

"అంకుల్, పక్కన బేబీ ప్లాంట్ కూడా ఉంది!" అంది శ్రీవిద్య.

భీమశంకరం నవ్వి, సాయంత్రానికి ఊరివాళ్ళందర్నీ హాల్లోకి పిలిపించాడు.

"మూసిన గదిలో ఎవరో మొక్కకి నీళ్ళు పోశారు. వాళ్ళే సీసా ఒంపారు. కంగారులో ఒక గింజ కుండీలో పడి మొలిచింది, ఆ బేబీ ప్లాంట్ చిక్కుడు మొలకే. అయిదేళ్ళ నాటి చిక్కుడు గింజలు మొలవలేదని మా ఆవిడ నిరుడు ఇల్లు పీకి పందిరేసింది. మరి మూడొందల ఏళ్ళవి మొలుస్తాయా? అవి అసలు గింజలే కావు! టెస్ట్‌కి భయపడేది ఆ సంగతి తెలిసినవాడే."

విట్‌కోంబ్ మెల్లగా లేచాడు.

"నేను చేరిన ఏడాదే అసలువి పురుగు పట్టి పిండైపోయాయి. మర్నాడు బడిపిల్లలు వస్తున్నారు. ఖాళీ సీసా చూపించడానికి మనసొప్పక మా వంటింట్లోవి పోశాను. అప్పట్నుంచి ఏటా కొత్తవి మారుస్తూ వచ్చాను, టెస్ట్ అనేసరికి తీసేశాను. కృష్ణకుమారి తప్పేమీ లేదు. నింద ఈమె మీద పడుతుంటే నోరు మూసుకున్నాను. క్షమించమ్మా."

శ్రీవిద్యకి ఏడుపొచ్చింది. ఆయన్ని ఉంచాలా, పంపాలా అని హాలంతా గోలెత్తింది.

"మన పాత పద్ధతిలోనే తేల్చుదాం. ఉంచాలంటే మొక్కజొన్న, పంపాలంటే చిక్కుడు" అని కృష్ణకుమారి అందరికంటే ముందు వెళ్ళి, నలుగురూ చూసేలా మొక్కజొన్న గింజ పెట్టెలో వేసింది.

పెట్టె తెరిచారు. అన్నీ మొక్కజొన్నలే, ఒక్క చిక్కుడు గింజ తప్ప. అది విట్‌కోంబ్ వేయడం శ్రీవిద్య చూసింది.