కుడి అరచేతిలో బురద

మూడో శవాన్ని పక్కకు ఒత్తిగిలజేసి, మంగవేణి గాయంలోకి కొలపుల్ల దించింది. బల్లెం పోటు. పొట్టకు ఎడమవైపు, నాలుగు వేళ్ళ లోతు. ఇలాంటి పోటు తిన్న మనిషి కదలకుండా పడుకుంటే, వైద్యులు చేరేదాకా ప్రాణం నిలిచే వీలుంది. ఇతను పడుకోలేదు. లేచి పరుగెత్తాడు. ఎంత దూరం పరుగెత్తి ఉంటాడో పేగులు చూస్తేనే తెలిసిపోతోంది.

గాయశాలలో పొద్దుటి పని ఇదే. రాత్రి ఉప్పుగట్టు మీద పోరులో పోయినవాళ్ళ దెబ్బలు కొలవాలి. మధ్యాహ్నం ఆ కొలతలను ఆట నియమాల్లో కలపాలి, కలపమన్నంత వరకే. నిజపాలు ఎంత, కల్పపాలు ఎంత అని ముల్లు సరిచూసే తూకపరి మంగవేణి. ఆ నియమాలతో కొత్త దళాలను బల్ల దగ్గర ఆడించే నడిపరీ ఆమే. బల్ల మీద గెలిచిన దళం ఆ సాయంత్రమే గట్టెక్కుతుంది.

ముల్లు ఇప్పుడు నూటికి ముప్పై పాళ్ళ నిజం దగ్గర ఉంది. ఒకసారి నలభైకి జరిపితే దళాలు గట్టు మీద ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడిపోయాయి. ఇంకాస్త జరిపితే అమ్మల్ని తలుచుకున్నాయి. మళ్ళీ ముప్పైకే దించారు.

ఆమె శవం కుడి చెయ్యి తిప్పి చూసింది. అరచేతినిండా బురద, మందంగా, చాచి చరిచినట్టు. ఎడమచేతికి అంత బురద లేదు. పక్కనున్న ఇద్దరి చేతులూ తిప్పి చూసింది. వాళ్ళకూ అంతే.

 ఆటలో పడిపోయినవాళ్ళు రెండో ఊపిరి అడగాలంటే కుడి అరచేత్తో బల్లను రెండుసార్లు చరచాలి. బల్ల పచ్చగా వెలుగుతుంది. దాని మీద పడిపోయిన వాళ్ళ బొమ్మ లేచి నిలబడుతుంది. గాయం మాయమవుతుంది. ఈ ముగ్గురూ చీకట్లో, ఉప్పునీళ్ళలో, పేగులు చేత్తో పట్టుకుని, గట్టునే బల్ల అనుకుని చరిచారు. చరిచి, లేచారు.

"ఓహో," అన్నాడు వెనకనుంచి విశ్వంభరం. ఆటశాల పెద్ద ఆయన. నున్నగా గీసిన గడ్డం, ఎప్పుడూ పెదవి మీదే ఉండే నవ్వు. శవం అరచేతిని తన చేతిలోకి తీసుకుని, జాతకం చూసేవాడిలా వంగి చూశాడు. "ముగ్గురూనా? చూశావా మంగవేణీ! ఆఖరి క్షణం దాకా నమ్మకం నిలిచింది. మన పనికి ఇంతకంటే మెప్పేముంటుంది?"

"లేవకుండా పడుకుంటే బతికేవాళ్ళు సార్."

"బతికేవాళ్ళు, నిజమే. గట్టు పోయేది." జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. "ఇవాళ్టి నుంచి ఒక పోరులో రెండో ఊపిరి ఒక్కసారి కాదు, రెండుసార్లు ఇద్దాం. దానికి తగ్గట్టు నిజం కాస్త పెంచు. గాయాల దగ్గర పెంచేవు సుమా! తడిసిన బట్ట బరువెక్కనీ. బల్లెం పట్టీ పట్టీ చేతులు తిమ్మిరెక్కనీ. బూట్లలో బురద దూరనీ. చిన్నవాటిలో నిజం దండిగా పోస్తేనే పెద్ద అబద్ధం గొంతు దిగుతుంది. నీకు నేర్పింది నేనే కదా?"

నేర్పింది ఆయనే. బల్లకు గొంతు కూడా ఆయనదే. ఇంకెవరి గొంతులోనూ ఆ గాంభీర్యం లేదని తనే మాట్లాడి ఎక్కించాడు. నిరుడు అప్పలస్వామి అనే నడిపరి జాలిపడి, ఆడించే దళమంతటినీ బల్ల మీద కావాలనే పడగొట్టాడు. ఆటలో పడినవాళ్ళని గట్టుకు పంపరు కదా అని అతని ఆశ. ఆ రాత్రే విశ్వంభరం ‘బదులు’ అనే నియమం రాశాడు. బొమ్మ పడితే, అప్పుడు కుర్చీలో ఉన్న నడిపరి గట్టు మీద ఆ చోటు నింపాలి. బల్ల చెప్పాక మనిషి చెప్పేదేమీ లేదు. కావలివాళ్ళు వచ్చి అప్పలస్వామి కాళ్ళకు గట్టు బూట్లు తొడిగి తీసుకుపోయారు. అతని గాయం కొలిచింది మంగవేణే.

మధ్యాహ్నం బల్ల చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. వలలు అల్లే గౌరీశ్వరి, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసిన అసిరినాయుడు, నోరు విప్పని దేముడు. చీకటి పడితే ముగ్గురూ గట్టు మీద ఉంటారు. బల్ల మీద అల్లంత దూరంలో నీటిరక్కసులు బారులు తీరాయి, పొలుసులతో, కోరలతో. రాత్రిళ్ళు గట్టెక్కడానికి నిజంగా వచ్చేది మునిగిపోయిన ఊళ్ళవాళ్ళు. చేపలు పొడిచే బల్లేలతో, మంచినీళ్ళ కోసం వస్తారు. ఆ సంగతి ఆటలో కలపమని ఎవరూ అనలేదు.

"ఆ ముందున్న రక్కసి మూతి సూడప్పా, అచ్చం మా అత్త మూతే," అంది గౌరీశ్వరి. వయసులో పెద్దదని ముగ్గురూ మంగవేణిని అప్పా అనే పిలుస్తారు. "దాన్ని నాకొగ్గెయ్యండి. మీరెవులూ ముట్టుకోకండి."

"నీ అత్త నిన్నే పొడుత్తాది, సూస్కో," అన్నాడు అసిరినాయుడు.

పాచికలు దొర్లాయి. అతనన్నంతా అయింది. పొట్టకు ఎడమవైపు పోటు. గౌరీశ్వరి బొమ్మ వెల్లకిలా పడింది. ఆమె పకపకా నవ్వి, కుడి అరచేత్తో బల్లను రెండుసార్లు చరిచింది. బల్ల పచ్చగా వెలిగింది.

లేవబోతున్న బొమ్మ మీద మంగవేణి చెయ్యి వేసి అదిమింది.

"లేవలేదు," అంది.

"అదేటప్పా? దీపం ఎలిగింది కదా!"

"వెలిగింది. నువ్వు మాత్రం లేవలేదు. పోటు పొట్టలో పడింది. లేస్తే చస్తావు గౌరీ. రెండు చేతులూ గాయం మీద పెట్టి నొక్కు. మోకాళ్ళు ముడుచుకో. నీళ్ళు అడక్కు, ఇచ్చినా తాగకు. వైద్యులు వచ్చేదాకా కదలకు." ఆమె బొమ్మ మీంచి చెయ్యి తియ్యలేదు. "పొద్దున ముగ్గురొచ్చారు నా దగ్గరికి. ముగ్గురికీ కుడి అరచేతిలో బురద."

 అసిరినాయుడు తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. దేముడూ చూసుకున్నాడు. గౌరీశ్వరి మొహంలో నవ్వు ఇంకిపోయింది.

"నడిపరి నియమం తప్పింది," అంది బల్ల, విశ్వంభరం గొంతుతో.

అసలు విశ్వంభరం అద్దాల గదిలోంచి తొందరేమీ లేకుండా నడిచి వచ్చాడు. మంగవేణి భుజం పట్టుకుని కుర్చీలోంచి లేపాడు. "నీ సంగతి సాయంత్రం చూద్దాం. గాయశాలలో నీకు తెలియని చోటేముంది, అక్కడే ఎక్కడో సర్దుతాలే," అని చెవిలో చెప్పి, తను కూర్చున్నాడు.

"నడిపరి విశ్వంభరం," అంది బల్ల.

"ఆవిడ మాట చెల్లదు. పోటు పడిన చోటి నుంచే మొదలు." ఆయన గౌరీశ్వరి వైపు తిరిగి, చంటిపిల్లకు గోరుముద్ద పెట్టేవాడిలా నవ్వాడు. "అప్పకి మనసు బాగోలేదమ్మా. ఏవో కలలు కంది. నువ్వు బల్ల చరుచు తల్లీ. లేస్తావు. ఇవాళ్టి నుంచి రెండేసిసార్లు లేవచ్చు."

గౌరీశ్వరి కుడిచెయ్యి పైకెత్తింది. విశ్వంభరం తలాడించాడు. మంగవేణి గోడకు ఆనుకుని ఆ చేతినే చూసింది. ఆ చెయ్యి బల్ల మీద పడితే ఇవాళ రాత్రి బురద మీదా పడుతుంది. రేపు పొద్దున దాన్ని తిప్పి చూసేదెవరో గానీ, చూడ్డం మాత్రం ఖాయం.

గౌరీశ్వరి ఆ చేతిని మెల్లగా కిందికి తెచ్చి పొట్ట మీద పెట్టుకుంది. రెండో చెయ్యి దాని మీద వేసి గట్టిగా నొక్కింది.

"ఒద్దు బాబూ," అంది. "నాను లెగను, తొంగుంటాను."

"చరచమంటున్నాను."

ఆమె కదల్లేదు. బల్ల మీద పచ్చదనం పలచబడి ఆరిపోయింది.

"గౌరీశ్వరి పడింది," అంది బల్ల. "కుర్చీలో విశ్వంభరం. బదులు."

ఆయన నవ్వాడు, పనిముట్టు పొరపాటు చేస్తే నవ్వినట్టు. "రద్దు."

"బల్ల చెప్పాక మనిషి చెప్పేదేమీ లేదు," అంది ఆయన గొంతే, ఎంతో గంభీరంగా.

తలుపు తెరుచుకుంది. కావలివాళ్ళు ఇద్దరు గట్టు బూట్లు తెచ్చి కుర్చీ పక్కన పెట్టారు. నిన్నటి తడి ఇంకా ఆరలేదు వాటికి. తలుపవతల వరండాలో, తమ వంతు కోసం కూర్చున్న మరో దళం మెడలు చాచి చూస్తోంది.

"మంగవేణీ," అన్నాడు విశ్వంభరం. నవ్వు ఇంకా మొహానే ఉంది, దాని కింద మొహమే లేదు. "వచ్చి కూర్చో. ఈ కుర్చీ నీది. ఇందాకటి మాటలు మర్చిపో. నిన్ను ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటాను."

ఆమె ఆ కుర్చీ వైపు చూసింది. రెండడుగులు వేస్తే ఆయన బతుకుతాడు. మూడో శవం పేగులు గుర్తొచ్చాయి. ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ కలగలేదు.

"బూట్లలో బురద దూరుతుంది సార్," అంది. "తడిస్తే బట్టలు బరువెక్కుతాయి. చిన్నవన్నీ మీరు చెప్పినట్టే ఉంటాయి."

కావలివాడు వంగి ఆయన కాలు పట్టుకున్నాడు. విశ్వంభరం గింజుకున్నాడు. రెండో కాలూ బూటులోకి దిగింది. అప్పుడు ఆయన కుడి అరచెయ్యి బల్ల మీద చెళ్ళున పడింది. మళ్ళీ పడింది. అలా చరుస్తానని ఆయనకే తెలియదేమో, తన చేతినే వింతగా చూశాడు.

బల్ల వెలగలేదు.

అసిరినాయుడు తన బూట్లు తనే తొడుక్కుంటూ, అరచేతిని లాగుకు గట్టిగా రుద్దుకున్నాడు. గౌరీశ్వరి పొట్ట మీంచి చేతులు తీయకుండానే విశ్వంభరం వైపు చూసింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

"పోటు తగిల్తే లెగకండి బాబూ," అంది. "తొంగోండి."