మూడువందల ఏడు: ఖాళీ

మిట్టమధ్యాహ్నం... పన్నెండు కొట్టడానికి ఇంకా పది నిమిషాలు!

అప్పటిదాకా భగభగ మండిన ఆకాశాన్ని కారుమేఘాలు ఒక్కసారిగా కమ్మేశాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఒక ఉరుము... దాని వెనకే మరొకటి! నగరం నడిబొడ్డున, నాలుగు రోడ్లు కలిసే చోట నిలబడ్డ ఆ నాలుగంతస్తుల హోటల్ కిటికీ అద్దాలు గడగడలాడాయి. పట్టపగలు ఎక్కడినుంచి వచ్చిందో ఒక గుడ్లగూబ, మూడో అంతస్తు వెంటిలేటర్ మీద వాలి కర్ణకఠోరంగా అరిచింది.

క్షుద్రశక్తులకు అర్ధరాత్రే ముహూర్తం అనుకునేవాళ్ళు హోటల్లో ఎన్నడూ పనిచేసి ఉండరు. హోటల్లో భయపడాల్సిన ఘడియ మధ్యాహ్నం పన్నెండు. అది గదులు ఖాళీ చేసే వేళ. పాత అతిథికి ఆ గది మీద హక్కు తీరిపోతుంది, కొత్త అతిథికి ఇంకా రాదు. ఆ కాస్త వ్యవధిలో గది ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని చోటు కోసమే కాచుక్కూర్చునే శక్తులు ఈ లోకంలో ఉన్నాయి!

ఆ రహస్యం తెలిసినవాడొకడు ఆ క్షణాన మూడువందల ఏడో నంబరు గదిలో, నేల మీద పద్మాసనం వేసుకుని కూర్చుని ఉన్నాడు.

హోటల్ సిబ్బంది అతనికి పెట్టుకున్న పేరు అత్తరు సారు. నెల రోజులుగా పక్కనే మూడువందల తొమ్మిదిలో మకాం. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, లిఫ్టులో ఎవరు కనబడినా పలకరింపు. ఒంటినిండా గుప్పున అత్తరు. ఆ పరిమళం కింద కాలిన ఎముకల కంపు దాక్కుని ఉందని పాపం ఏ ఒక్కరూ పసిగట్టలేదు. పైగా ఇంత మర్యాదస్తుడు మన హోటల్‌కి రావడం మన అదృష్టమని మేనేజరు మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు ఆ మెత్తదనం మచ్చుకైనా లేదు. చింతనిప్పుల్లాంటి కళ్ళు! నుదుటి మీద నెత్తుటి బొట్టు! అతని ముందు బూడిదతో గీసిన వలయం. వలయం నడుమ... పసుపు పచ్చబారిన ఒక మానవ కపాలం! దాని కంటిగుంతలోంచి బయలుదేరిన నల్లదారం మంచం దాకా పాకి, మంచం మీద స్పృహలేకుండా పడివున్న యువతి మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఆమె ఏదో శిక్షణ తరగతుల కోసం ఈ ఊరొచ్చిన టీచరమ్మ. నిన్ననే ఈ గదిలో దిగింది, ఇవాళ పన్నెండుకి ఖాళీ చెయ్యాలి. స్టేషన్ దగ్గర, బజారు దగ్గర, గది శుభ్రం అని సంబరపడి ఇంటికి ఫోన్ కూడా చేసుకుంది.

ఆమె దువ్వెనలోని వెంట్రుకలు ఏరి తెచ్చిందీ, ఆమె తలగడ గలీబు అందించిందీ, ఇంతకుముందే ఆమె తాగే నీళ్ళలో మత్తుపొడి కలిపిందీ... తలుపు దగ్గర నిలబడ్డ తాళాలమ్మే!

తాళాలమ్మ ఆ అంతస్తు గదులన్నీ శుభ్రం చేయించే మనిషి. నడుముకి ఎప్పుడూ తాళంచెవుల గుత్తి. పదిహేనేళ్ళ కొలువులో ఒక అతిథి చేతిరుమాలు కూడా తాకి ఎరగదు. అలాంటి మనిషి ఇంత ఘోరానికి ఎందుకు ఒడిగట్టిందంటే... ఆమెకో కూతురు ఉండేది.

ఏడేళ్ళ పిల్ల. నిద్రలో తప్ప నోరు మూసేది కాదని తండ్రి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. ఆ తండ్రి ఈ హోటల్ ముఖద్వారం దగ్గర దర్వాను. మూడేళ్ళ కిందట ఒకరోజు పిల్లకి ఒళ్ళు కాస్త వెచ్చబడింది. తండ్రి అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. పొరుగింట్లో వదలడానికి తల్లికి మనసొప్పలేదు. సిబ్బంది పిల్లలు హోటల్లో అడుగుపెడితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని దొడ్డిదారి మెట్ల మీదుగా ఎత్తుకొచ్చి, ఆ రోజు ఎవరూ దిగని మూడువందల ఏడులో పడుకోబెట్టింది. పిల్ల బయటకొచ్చి ఎవరి కంటైనా పడుతుందేమోనని బయటినుంచి తాళం వేసింది. రోజూ పదకొండు గంటలకు ఏ గదిలో మనుషులున్నారో, ఏది ఖాళీయో కాగితం మీద రాసి కింద కౌంటర్లో ఇవ్వడం ఆమె పని. రాసింది. మూడువందల ఏడు: ఖాళీ.

తర్వాత మేనేజరు ఆమెను కర్టెన్ గుడ్డ తెమ్మని బజారుకి పంపాడు. ఆ గంటలోనే దుప్పట్లు దాచే గదిలో కరెంటు తీగలు అంటుకుని, అంతస్తంతా పొగ కమ్మేసింది. ఫైరింజన్ వాళ్ళు కౌంటర్లోని ఆ కాగితం చేతబట్టుకునే పైకి పరిగెత్తారు. మనుషులున్నారని రాసిన ప్రతి తలుపూ పగలగొట్టారు. అందరినీ బతికించారు. ఖాళీ అని రాసిన తలుపు జోలికి ఎవరు వెళ్తారు?

అంతా అయిపోయాక, ఆ తలుపు తీసినవాళ్ళు కెవ్వుమన్నారు...

పిల్ల నాన్న కోసం వెతుక్కుంటూ ముందు ద్వారంలోంచే జొరబడి ఉంటుందని, ఖాళీ గదిలో దూరాక తలుపు దానంతటదే తాళం పడి ఉంటుందని, దర్వాను ఎవరిదో పెట్టె మోస్తూ చూసుకోలేదని అందరూ అన్నారు. దర్వాను కూడా అదే నమ్మాడు. తాళాలమ్మకి నోరు పెగల్లేదు. ఆ రోజు పెగలని నోరు మూడేళ్ళయినా పెగల్లేదు. అతను మాత్రం అప్పటినుంచి ద్వారం దాటే ప్రతి పిల్లనీ, లోపలికెళ్ళినప్పుడొకసారి బయటికొచ్చినప్పుడొకసారి లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని, చేయి కడుక్కుని లేచిపోయేవాడు. ఆమె చూస్తూ ఊరుకునేది. ఇంతకన్నా పాపం ఉంటుందా అంటే, నేను చెప్పలేను.

హోటల్ బాగుచేసి మళ్ళీ తెరిచారు. అతిథుల అభిప్రాయాల పుస్తకం మెప్పుకోళ్ళతో నిండిపోయింది. అన్నిటికీ దగ్గర, మంచి పరుపులు, వేణ్ణీళ్ళు బాగా వస్తాయి... కానీ నడుమ నడుమ, వేర్వేరు చేతిరాతల్లో, ఒకటే ఫిర్యాదు. మూడువందల ఏడులో మధ్యాహ్నంపూట ఎవరో తలుపు కొడుతున్నారు. తీసి చూస్తే వరండాలో ఎవరూ లేరు. కొడుతున్నది లోపలినుంచి!

మేనేజరు ఆ పుటలు చించేవాడు. అత్తరు సారు మాత్రం ఆ పుస్తకం చదవడానికే ఈ హోటల్‌కి వచ్చాడు. మేనేజరు చించకముందే చదివాడు. తాళాలమ్మ ముఖం చూశాడు. రెండూ కలిపాడు.

"నీ కూతురు ఇంకా ఆ గదిలోనే ఉందమ్మా" అన్నాడొక రోజు, తువ్వాళ్ళు తెచ్చిన ఆమెతో, ఎంతో జాలిగా. "ఒక్క గంట ఇంకో ఆడమనిషి ఒంట్లోకి పిలుస్తాను. నీతో మాట్లాడుతుంది. ఒళ్ళో కూర్చుంటుంది. ఆ ఆడమనిషికి ఏమీ కాదు. ఒకటే షరతు. నువ్వు దాచుకున్న మాట ఎప్పటికీ బయటపెట్టకూడదు. దాన్ని కట్టి పిలిచే దారానికి ముడి ఆ మాటే."

గుక్క తిప్పుకోకుండా ఒప్పేసుకుంది. ఏ తల్లైనా ఏం చేస్తుంది?

పన్నెండు!

ఫెళఫెళారావంతో పిడుగు పడింది. మాంత్రికుడి బీజాక్షరాలు గది నాలుగు గోడలకూ కొట్టుకుని ప్రతిధ్వనించాయి. కపాలం కంటిగుంతల్లో ఎర్రటి కాంతి! నల్లదారం సర్పంలా మెలితిరిగింది. మంచం మీద టీచరమ్మ శరీరం విల్లులా వంగి లేచింది. జుట్టు విరబోసుకుని, తెల్లగుడ్లు తేలేసి, మొదట ఒక వికృతమైన కేక పెట్టింది. ఆ తర్వాత... ఆ ఎదిగిన మనిషి గొంతులోంచి, ఏడేళ్ళ పిల్ల గొంతు వచ్చింది.

"అమ్మా!"

తాళాలమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. "పిచ్చుకా! నా తల్లీ! నా బంగారూ!"

"పొగమ్మా... కళ్ళు మండుతున్నాయి. తలుపు కొడుతున్నానమ్మా. ఎందుకు తియ్యవూ?"

"తీస్తానే... వచ్చేశానే... ఇంకెక్కడికీ వెళ్ళనే!" ఆమె చేతులు చాచింది. చేతుల్లోకి గాలి వచ్చింది. టీచరమ్మ పెదవులు నీలంగా మారుతున్నాయి. ఊపిరి ఎగశ్వాస అవుతోంది. నల్లదారం ఆమె మణికట్టులోకి కోసుకుపోతోంది.

"సారూ! ఈ అమ్మాయికి ఏమీ కాదన్నారుగా!"

మాంత్రికుడు వికటంగా నవ్వాడు. "పిచ్చిదానా! ఊరికే పిలుపులు పిలవడానికి నేనేమన్నా టెలిఫోన్ ఆఫీసు నడుపుతున్నానా? ఈ పుర్రెలో ఇప్పటికే ఏడుగురు ఉన్నారు. నీ కూతురు ఎనిమిదోది. ఎనిమిదో ఆత్మ దొరికితే నాకు చావు లేదు! దీని ఊపిరి ఆగిన క్షణం అది ఇందులోకి వచ్చి పడుతుంది!"

"అమ్మా" అంది ఆ చిన్న గొంతు, బెదురుగా. "వీడు నన్ను ఆ పుర్రెలోకి రమ్మంటున్నాడు. అక్కడా బయటినుంచి తాళమే వేస్తారా?"

ఆ ఒక్క ప్రశ్నకి తాళాలమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. ఒక గంట కాదు, ఒక్క నిమిషం కూడా బిడ్డను ఒళ్ళో పెట్టుకోలేదు. ఇప్పుడు వదిలితే మళ్ళీ ఈ గొంతు వినబడదు. వదలకపోతే బిడ్డకు యుగయుగాల చెర... పైగా ఎవరో కన్న ఇంకో కూతురు ఈ మంచం మీదే పోతుంది!

ఆమె లేచింది. తలుపు వైపు నడిచింది.

"ఆగు!" మాంత్రికుడు గర్జించాడు. "నోరు తెరిచావో, నీ మొగుడికి తెలిసిపోతుంది! నీ మొహం చూస్తాడా మళ్ళీ? జీవితంలో ఇంకేం మిగులుతుంది నీకు?"

"ఏం మిగలకపోయినా సరే" అంది ఆమె. తలుపు బార్లా తెరిచింది.

వరండా నిండా జనం. గదులు ఖాళీ చేసే వేళ కదా! పెట్టెలు, సంచులు, పిల్లల గోల. మెట్ల దగ్గర, ఎవరిదో బరువైన పెట్టె భుజాన పెట్టుకుని పైకొస్తున్న దర్వాను. తాళాలమ్మ అతన్నే చూస్తూ, గొంతు చించుకుని అరిచింది.

"పిచ్చుక నీ ద్వారంలోంచి రాలేదయ్యా! నేనే తెచ్చాను! దొడ్డిమెట్ల మీంచి నేనే ఎత్తుకొచ్చాను! ఈ గదిలో పడుకోబెట్టి నేనే తాళం వేశాను! లోపల పిల్లను పెట్టుకుని ఖాళీ అని నా చేత్తో నేనే రాశాను! నీ తప్పేం లేదు... మూడేళ్ళ నుంచీ నీ తప్పేం లేదు!"

పెట్టె దర్వాను భుజం మీంచి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. వరండాలో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో... టక్!

కపాలం లోపలినుంచి! టక్... టక్... ఏడు జతల పిడికిళ్ళు ఎముకను మోదుతున్నట్టు! క్షుద్రం బతికేది గుట్టు మీద. గుట్టు పదిమందిలో పడేసరికి దారం పుటుక్కున తెగింది. ఫెటిల్లుమని కపాలం పగిలింది! ఏడు నల్లటి పొగలు సుడులు తిరుగుతూ లేచి, తమను బంధించినవాడిని చుట్టుముట్టాయి.

"వద్దు! వద్దు! తలుపు... తలుపు తియ్యండి!" మాంత్రికుడు గుమ్మం వైపు ఉరికాడు. తలుపు బార్లా తెరిచే ఉంది! అంతమంది కళ్ళెదుట, అడ్డమేమీ లేని ఆ గుమ్మంలో నిలబడి, అతను రెండు చేతులతో శూన్యాన్ని బాదాడు. ఖాళీ గాలి మీద అతని పిడికిళ్ళు దబదబ మోగాయి. దగ్గాడు. గొంతు పట్టుకున్నాడు. గుడ్లు వెళ్ళుకొచ్చాయి. బాదుతూ బాదుతూనే, గడప మీద కుప్పకూలి, మరి కదల్లేదు. ఊపిరితిత్తుల నిండా పొగ ఉందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ గదిలో పొగ వాసన ఎవరికీ రాలేదు.

టీచరమ్మ పొడి దగ్గు దగ్గి కళ్ళు తెరిచింది. అది ఆమె సొంత చూపే. పిచ్చుక వెళ్ళిపోయింది. వెళ్తున్నానమ్మా అని కూడా అనలేదు. చెరలోంచి బయటపడ్డ పిల్ల వెనక్కి తిరిగి చూస్తుందా? చూడకపోవడమే మంచిదని తాళాలమ్మకి తెలుసు. తెలిసినా కడుపుకోత కడుపుకోతే.

టీచరమ్మ దగ్గరికి వెళ్ళి ఆమె పాదాలు పట్టుకుంది. "నీ నీళ్ళలో మందు కలిపింది నేనేనమ్మా. పోలీసులకి కూడా ఇదే చెప్తాను" అంది. టీచరమ్మ ఏమీ అర్థంకాక, భయంగా కాళ్ళు వెనక్కి లాక్కుంది.

జనం టీచరమ్మను తీసుకుని కిందికి పరుగులు తీశారు. వాన మొదలైంది. వరండాలో ఇద్దరే మిగిలారు. దర్వాను గోడకి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొడతాడనుకుంది. తిడతాడనుకుంది. అతను ఆమె వైపు చూడనైనా లేదు.

"ఒకటి చెప్పు" అన్నాడు. "నిద్రలోనే పోయిందా?"

అవును అంటే సరిపోయేది. ఆ ఒక్క అబద్ధం అతనికి ఎంత ఊరటో ఆమెకు తెలుసు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదయ్యా" అంది. "లేచింది. మనం తీస్తామని తలుపు కొట్టింది."

దర్వాను నోరు తెరిచాడు. మూడేళ్ళుగా ఎవరి ముందూ కన్నీటి చుక్క రాల్చని మనిషి, గుండెలు బాదుకుంటూ, పసివాడిలా బావురుమన్నాడు. ఆమె కాస్త దూరంలోనే కూర్చుంది. దగ్గరికి జరిగే హక్కు తనకు లేదనుకుంది. ఏడుస్తూనే అతను చేయి చాచి, తడుముకుని, ఆమె కొంగు పట్టుకున్నాడు. క్షమించాడని కాదు. పిచ్చుక కోసం ఏడవడానికి ఈ లోకంలో అతనికి తోడు ఇంకెవరూ లేరు.

బిడ్డ పోయిన ఇన్నాళ్ళకు, ఆ తల్లీ తండ్రీ మొదటిసారి కలిసి ఏడ్చారు.