చేరని ఆకుపిట్టలు

పొద్దున్నే కిటికీ తలుపు తీయగానే చల్లగాలి ఇంట్లోకి తోసుకొచ్చింది. వానలు వెనకబట్టి నెల కావస్తోంది. వీధి పొడవునా చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. బుల్లెమ్మ అప్పటికే అమ్మమ్మ వెంట మెట్లు దిగి వెళ్లి, గౌను ఒడి నిండా ఆకులు ఏరుకొచ్చి హాలు మధ్యలో కుప్ప పోసింది. ఐదేళ్ల పిల్ల. ఇంకా పళ్లయినా తోముకోలేదు.

"తడివి పక్కన పెట్టవే. ఆరితే గానీ జిగురు పట్టదు," అంది అమ్మమ్మ. ముప్పై ఏళ్లు దర్జీ దుకాణంలో పనిచేసిన మనిషి ఆవిడ. కూతురు ఆసుపత్రిలో చేరిన రోజున కుట్టుమిషన్‌కి ముసుగేసి వచ్చి, ఈ ఇంటి వంటా పిల్లా రెండూ మీద వేసుకుంది.

పిట్ట తయారవుతోంది. పెద్ద ఆకు ఒళ్లు, చిన్నాకులు రెండు రెక్కలు, తొడిమ ముక్కు. కంటికి నల్లదారంతో చిన్న ముడి. బుల్లెమ్మ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని జిగురు రాస్తోంది. జిగురు ఆకు మీద కన్నా మోచేతికే ఎక్కువ అంటుకుంది.

గుమ్మం దగ్గర కూర్చుని వాళ్ల నాన్న బూట్లు కట్టుకుంటున్నాడు. అతను లిఫ్టు మెకానిక్. పక్కనే పనిముట్ల సంచి.

"నాన్నా, పోయినవారం పంపిన గొడుగు అమ్మ ఎక్కడ పెట్టింది?"

"కిటికీకి తగిలించింది."

"కిటికీకి మేఘం ఉందన్నావుగా."

"మేఘం కిటికీకే. గొడుగు పక్కన గోడకి," అన్నాడు అతను, తల ఎత్తకుండా బూటు తాడు రెండోసారి ముడేస్తూ.

"దీన్ని మంచం దగ్గర పెట్టమను. రాత్రి భయమేస్తే పిట్ట ఉంటుంది."

అతను సరేనని పిట్టను అట్టపెట్టెలో పెట్టించుకుని బయలుదేరాడు. ఆ పెట్టె వెళ్లేది ఆసుపత్రికి కాదని అతనికొక్కడికే తెలుసు.

అతని భార్యకు రక్తంలో జబ్బు. వానాకాలం మధ్యలో చేర్చారు. మందులు జబ్బుతో పాటు ఒంట్లోని శక్తినంతా తుడిచిపెట్టేశాయి. గాలిలో ఉండే చిన్న బూజు కూడా ఆమెకు గండమే. అందుకే గాజు గోడ వెనక విడిగదిలో పెట్టారు. మనిషి అవతల, చూడ్డానికి వచ్చినవాళ్లు ఇవతల. మధ్యలో మాట్లాడుకోవడానికి ఒక ఫోను.

మొదటివారం బుల్లెమ్మ నీలం కాగితాలు చినుకుల్లా కత్తిరించి, దారానికి గుచ్చి, వానతోరణం చేసి పంపింది. తలుపు దగ్గర నర్సు దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "జిగురు, దూది, ఆకులు, రంగు కాగితాలు, ఏవీ లోపలికి పోవు. మీ మంచికే చెబుతున్నా."

తోరణం చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంటికెళ్లగానే పిల్ల ఎదురొచ్చింది. "అమ్మకి నచ్చిందా?" అని అడిగింది. ఆ ముఖం చూసి లేదనలేకపోయాడు. "చాలా నచ్చింది," అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటను నిలబెట్టడానికి వారానికో మాట కల్పించాల్సి వచ్చింది. దూదిమేఘం, కాగితం పళ్లెంతో చేసిన గొడుగు, ఆకు మీద కాగితం పెట్టి రంగుపెన్సిలుతో రుద్ది తీసిన బొమ్మలు, అన్నీ అతను పనిచేసే ఒక పెద్ద భవనం పైన, లిఫ్టు మోటారు గదిలో, గోనెసంచిలోకి చేరాయి.

భార్యకైనా చెప్పవలసింది. కానీ అక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. చేరిన కొత్తలో ఒకసారి వీడియోలో పిల్లకు తల్లిని చూపించాడు. జుట్టంతా రాలిపోయిన ఆ తలను చూసి బుల్లెమ్మ కెవ్వుమని అమ్మమ్మ వెనక దాక్కుంది. ఆ సాయంత్రమే భార్యకు జ్వరం ఎక్కువైంది. "మళ్లీ నన్ను దానికి చూపించకండి. దాని సంగతులు కూడా నాకు చెప్పకండి. తట్టుకోలేను," అంది. తన తల్లితో ఫోనులో మాట్లాడినా, పిల్ల ఊసెత్తితే పెట్టేసేది. ఆమెకు దిగులు తగ్గించాలని అతను ఒక ఉపాయం ఆలోచించాడు. "దాని గురించి బెంగ పెట్టుకోకు. హాయిగా ఆడుకుంటోంది. అసలు నిన్ను అడగనే అడగట్లేదు," అని చెప్పాడు. ఆమె తల ఊపింది. ఆ తర్వాత ఆమె పిల్ల గురించి అడగలేదు. మనసు కుదుటపడిందని అనుకున్నాడు.

ఆ పొద్దున కూడా ఆకుపిట్టను గోనెసంచిలో పెట్టి మోటారు గదికి తాళం వేశాడు. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లబోతుంటే ఫోనొచ్చింది. వేరే భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ముగ్గురు ఉన్నారు. ఆ పని ముగిసేసరికి చూడనిచ్చే వేళ దాటిపోతుంది.

"ఈ పూటకి మీరు వెళ్లగలరా అత్తయ్యా?" అని ఇంటికి ఫోను చేశాడు.

"అడగాలా," అంది ఆవిడ. పిల్లను ఎదురింటామె దగ్గర వదిలి, బుల్లెమ్మ అప్పుడే పూర్తి చేసిన రెండో పిట్టను సంచిలో వేసుకుని వెళ్లింది.

సాయంత్రం అతను వచ్చేసరికి అత్తగారు వంటింట్లో నిలబడి ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఆకుపిట్ట గట్టు మీద ఉంది. దాన్ని చూడగానే అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తలుపు దగ్గరగా వేయండి అల్లుడుగారూ. పిల్ల వింటుంది."

వేశాడు.

"నర్సమ్మ నా చేతిలో పిట్టను చూసి, మీ అల్లుడుగారికి మొదటివారంలోనే చెప్పామే అంది. నాకేమీ అర్థం కాలేదు. మూడు నెలల నుంచి వెళ్లినవన్నీ ఎక్కడున్నాయి?"

"నా దగ్గరే ఉన్నాయి. పారేయలేదు."

"పారేయలేదు," అని ఆవిడ ఆ మాటనే మెల్లగా అంది. "సరే, పిల్లకు లేదని చెప్పలేకపోయారు. నేనైనా చెప్పలేకపోయేదాన్నేమో. దానికి నేను మిమ్మల్ని తప్పు పట్టను. కానీ నా కూతురు నాతో ఏమందో తెలుసా? 'అమ్మా, బుల్లెమ్మ నన్ను మర్చిపోయిందటగా, మంచిదేలే, రేపు నేను లేకపోయినా దానికి కష్టం ఉండదు' అంది. నవ్వుతూ అంది."

అతను గట్టు అంచు పట్టుకున్నాడు. "దిగులు పడుతుందని అలా చెప్పాను అత్తయ్యా. ఆమె కోసమే."

"ఆమె కోసమా? ఆమె ఏడిస్తే చూడలేక మీరు చెప్పుకున్నారు. పిల్ల ఏడిస్తే చూడలేక ఇక్కడా చెప్పారు. అక్కడ తల్లి పిల్ల లేనిదైంది. ఇక్కడ పిల్లేమో లేని గోడలకు బొమ్మలు తగిలించుకుంటోంది. ఇద్దరి ఏడుపూ ఆపి మీరు సాధించింది ఇదీ." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. "రోజూ తిండి మానేస్తోందట. ఎవరి కోసం తినాలనుకుంటుంది చెప్పండి?"

అతను వచ్చిన దారినే వెళ్లి, మోటారు గది తాళం తీసి, గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు.

హాల్లో పిల్ల ముందు కూర్చుని సంచి విప్పాడు. మేఘానికి గ్రీజు మరక అంటింది. గొడుగు నలిగింది. పాత ఆకులు కొన్ని పొడిపొడిగా రాలాయి. బుల్లెమ్మ ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చింది.

"అమ్మ పంపించేసిందా?"

"లేదమ్మా. అమ్మ చూడలేదు. లోపలికి తీసుకెళ్లనివ్వరు. వాటివల్ల అమ్మకి జ్వరం వస్తుందట."

"మరి నచ్చిందన్నావుగా."

"అబద్ధం చెప్పాను."

"గొడుగు?"

"అదీ అబద్ధమే."

పిల్ల ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. లేచి వెళ్లి అమ్మమ్మ ఒళ్లో తల దాచుకుంది. మర్నాడు కిందికి ఆకులకు వెళ్లలేదు. "బడి ఉందమ్మా ఇవాళ," అని అతను చెబితే, అమ్మమ్మ వైపు తిరిగి "నిజమేనా?" అని అడిగింది. ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. తీసుకోవడానికి వీల్లేదు, అది అతను నాటుకున్నదే.

ఆ రోజు సెలవు పెట్టి సంచితో సహా ఆసుపత్రికి వెళ్లాడు. నర్సుకు సంగతంతా దాచకుండా చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి, "సంచి ఈ వసారాలోనే ఉండాలి. గాజుకు ఇవతలి నుంచి చూపించుకోండి," అంది.

భార్య మంచం మీద కూర్చుని ఫోను అందుకుంది. అతను ముందే అనుకుని వచ్చిన మాటలన్నీ మర్చిపోయాడు. "బుల్లెమ్మ నిన్ను అడగట్లేదని చెప్పాను కదా. అది నిజం కాదు. రోజూ అడుగుతుంది. రోజుకు పదిసార్లు అడుగుతుంది," అన్నాడు.

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఫోను మాత్రం చెవి దగ్గరే ఉంది. ఊపిరి వినబడుతోంది.

"మూడు నెలలు," అంది చివరికి. "మంచం మీద పడుకుని, నాకు పిల్లలు లేరనుకోవడం అలవాటు చేసుకున్నానండీ. ఎంత కష్టపడి అలవాటు చేసుకున్నానో మీకు తెలియదు."

"తెలియదు," అన్నాడు.

"ఆ సంచిలో ఏమిటి?"

అతను నీలం తోరణం తీసి గాజుకు ఆనించి పట్టుకున్నాడు. "ఇది వానలప్పటిది. చినుకులు. కొన్ని గుండ్రంగా రాలేదని మళ్లీ కత్తిరించింది." తర్వాత మేఘం. తర్వాత గొడుగు. ఆకుల అచ్చులు. ఒక్కొక్కటి ఎప్పటిదో, దాని గురించి పిల్ల ఏమందో గుర్తున్నంతవరకూ చెప్పాడు. ఆమె మెల్లగా మంచం దిగింది. మందు సీసా వేలాడే కమ్మీని ఈడ్చుకుంటూ గాజు దాకా వచ్చి, నుదురు ఆనించి చూసింది. పిట్ట వంతు వచ్చేసరికి జిగురు వదిలి ఒక రెక్క ఊడి కింద పడింది.

"రాత్రి నీకు భయమేస్తే తోడుంటుందంది," అన్నాడు.

అప్పుడు ఆమె ఏడ్చింది. మూడు నెలల ఏడుపు ఒక్కసారి ఏడ్చింది. అతను ఆపమనలేదు. ఈసారి కళ్లు తిప్పుకోకుండా అక్కడే నిలబడ్డాడు.

ఆయాసం తగ్గాక ఆమె అడిగింది, "నన్ను చూసి మళ్లీ భయపడుతుందేమో?"

"పడొచ్చు," అన్నాడు అతను. పడదని చెప్పడం ఎంత తేలికో అతనికి తెలుసు. "అయినా తీసుకొస్తాను. చెప్పే తీసుకొస్తాను."

డాక్టరు ఆ వారం ఇచ్చిన కబురు మంచిదేమీ కాదు. రక్తంలో కణాలు అనుకున్నంత పెరగలేదు, ఇంకో విడత మందు పెట్టాలి, తట్టుకుంటుందో లేదో చూడాలన్నాడు. ఆ మాట కూడా అతను అత్తగారి దగ్గర దాచలేదు. ఆవిడ విని, తల ఊపి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మ జుట్టు ఎందుకు రాలిందో, గాజు గోడ ఎందుకు కట్టారో తనకు చేతనైనంత చెప్పింది.

ఆదివారం ముగ్గురూ వెళ్లారు. నర్సు ముందే అనుమతి తీసుకుని ఉంచింది. పావుగంట, వసారాలో మాత్రమే. బుల్లెమ్మ చేతిలో రెండు తెల్ల కాగితాలు, రంగుపెన్సిలు, అంటించే టేపు, మొండి కత్తెర. ఏం చేయాలో అమ్మమ్మను అడిగి తనే నిర్ణయించుకుంది.

గాజు అవతల తల్లి తలకు గుడ్డ కట్టుకుని నిలబడింది. బాగా చిక్కిపోయింది. కళ్లే పెద్దవిగా కనబడుతున్నాయి. పిల్ల రెండడుగులు వేసి ఆగిపోయింది. నాన్న కాలి వెనక సగం దాక్కుంది. అవతల తల్లి చేయి పైకెత్తబోయి దించేసుకుంది.

ఎవరూ పిల్లను ముందుకు తోయలేదు. కాసేపటికి తనే అమ్మమ్మను అడిగి గాజు మీద కాగితం అంటించుకుంది. కాగితం అడ్డం రావడంతో తల్లి ముఖం కనబడలేదు. పిల్లకు కాస్త ధైర్యం వచ్చినట్టుంది. నాన్న ఎత్తి పట్టుకున్న ఫోనులో మెల్లగా అంది. "అమ్మా, చెయ్యి పెట్టు."

అవతలి గదిలో దీపాల వెలుగు ఎక్కువ. తల్లి అరచేయి గాజుకు ఆనించగానే దాని నీడ కాగితం మీద తేలింది. ఐదు సన్నని వేళ్లు. బుల్లెమ్మ పెన్సిలు తీసుకుని బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది.

"కదలకు."

"కదలను," అంది తల్లి. ఆ చేయి వణుకుతూనే ఉంది. గీత కూడా వంకర పోయింది. అయినా పిల్ల వేలు తర్వాత వేలు, గోరు దగ్గర గుండ్రంగా తిప్పుతూ, మణికట్టు దాకా గీసింది. తర్వాత టేపు పీకి కాగితం తీసింది. ఎదురుగా అమ్మ ముఖం ఉంది, జానెడు దూరంలో, చెంపలు తడిసి.

బుల్లెమ్మ కాసేపు అలాగే చూసింది. "చలేస్తోందా అమ్మా, గుడ్డ కట్టుకున్నావు?" అని అడిగింది.

"కొంచెం వేస్తోందమ్మా."

"ఈ చెయ్యి చెట్టు అవుతుంది. వేళ్లు కొమ్మలు. ఇంటి దగ్గర ఆకులు అంటిస్తా. నీకు పంపను, జ్వరమొస్తుంది. ఇక్కడికి తెచ్చి చూపిస్తా."

"చూపించు. రోజూ లేచి చూస్తాను," అంది తల్లి. అమ్మమ్మ గోడ వైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పిల్ల కత్తెర తీసి గీత వెంట కత్తిరించబోయింది. మొండి కత్తెర కాగితాన్ని నమిలింది గానీ తెగలేదు. ఒకసారి, రెండుసార్లు ప్రయత్నించింది. తర్వాత కాగితమూ కత్తెరా రెండూ నాన్నకు అందించింది.

"నువ్వు కత్తిరించు నాన్నా. మెల్లగా. అమ్మ వేలు తెగకూడదు."

అతను వసారా నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇనుప తాళ్లు లాగి కాయలు కాసిన ఆ చేతులతో కాగితాన్ని పట్టుకుని, గాజు అవతలి నుంచి ఒకరూ ఇవతలి నుంచి ఒకరూ చూస్తూ ఉండగా, ఊపిరి బిగబట్టి మొదటి వేలు చుట్టూ కత్తెర తిప్పడం మొదలుపెట్టాడు.