రోప్‌వే కింద సముద్రం

సముద్రపు ఒడ్డు పార్కులో, గేట్లు తెరవకముందే, హెడ్ తోటమాలిని ఎవరో వీపులో పొడిచి చంపారు. పక్కన పైపులోంచి నీళ్ళు ఇంకా పారుతూనే ఉన్నాయి.

గంట తిరక్కుండా ఏజెంట్ నైన్ చీఫ్ గదిలో ఉన్నాడు.

"తోటమాలి మన మనిషే. ఆరేళ్ళుగా అక్కడ కవర్‌లో ఉన్నాడు," అన్నాడు చీఫ్.

"తెలుసు. మా అక్క మొగుడు."

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రేపు నౌకాదళ శాస్త్రవేత్తలు పన్నెండుమంది విహారానికి వస్తున్నారు. పార్కు, అక్వేరియం, రోప్‌వే, కొండ మీద లైట్‌హౌస్. వాటిలో ఒకచోట విదేశీ ముఠా బాంబు పెడుతోంది. కత్తిపోటు సంగతి మన ఇద్దరికీ, హంతకులకీ తప్ప తెలీదు. బయటికి గుండెపోటని చెప్పాం."

"బావ ప్రాణానికి ప్రమాదమని మీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉంది. వెనక్కి పిలిస్తే ముఠా జాగ్రత్తపడేది."

ఏజెంట్ టేబుల్ మీద గుద్దిన గుద్దుకి గ్లాసు ఒలికిపోయింది. "ఎరగా వాడుకున్నారన్నమాట!"

"ఆ కోపం అక్కడ చూపించు."

"రెండు చోట్లకీ సరిపడా ఉంది సార్."

కారెక్కగానే అక్క ఫోను. "రాయిలాంటి మనిషిరా మీ బావ. గుండెపోటేంట్రా?"

"నాకూ అర్థం కావట్లేదక్కా," అని అబద్ధమాడి, పళ్ళు పటపట కొరికాడు.

మర్నాడు పదకొండింటికి గడ్డి టోపీ, పువ్వుల చొక్కా, మెడలో కెమెరాతో టూరిస్టు వేషంలో పార్కులో దిగాడు. ఆ కెమెరాలో సిగ్నల్ డిటెక్టర్ ఉంది. ఎర్ర గొడుగు పట్టుకున్న టూర్ గైడ్ ఎదురొచ్చింది. తల తిప్పుకోలేనంత అందగత్తె. ముఠా రహస్యాలు చేరవేయడానికి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న మనిషి.

"కాగితం పూలకి వాసన ఉంటుందా?" అన్నాడు.

"ముక్కుని బట్టి," అంది. కోడ్ సరిపోయింది. గొంతు తగ్గించింది. "బాంబు అక్వేరియంలో, షార్కుల ట్యాంకు వెనక. పదకొండున్నరకి పేలుతుంది. పరిగెత్తు!"

"తోటమాలి ఏమైనా చెప్పాడా?"

"లేదు, పాపం. వీపులో కత్తి దిగాక ఏం చెప్తాడు?"

ఏజెంట్ ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. గొడుగు కొసన విషపు సూది బయటికొచ్చింది. చెయ్యి మెలిపెట్టాడు. గొడుగు ఎగిరి పూలమడిలో పడింది.

"మా బావ నిన్ను చెల్లెలిలా చూసి ఆరేళ్ళు అన్నం పెట్టాడు కదే! బాంబెక్కడ?"

ఆమె కళ్ళు క్షణంపాటు రోప్‌వే వైపు వెళ్ళాయి.

ఆమెను రెయిలింగుకి బేడీలేసి కట్టి పరిగెత్తాడు. శాస్త్రవేత్తలంతా అప్పటికే పెద్ద క్యాబిన్ ఎక్కేశారు. కెమెరాలో ఎర్ర లైటు వెలిగింది. మూసుకుంటున్న తలుపుల మధ్య నుంచి లోపలికి దూకాడు. క్యాబిన్ సముద్రం మీదికి సాగింది.

"కాళ్ళు ఎత్తండి!" అని అరిచాడు.

సీటు కింద స్టీల్ ఫ్లాస్కు. మూత మీద అంకెలు: తొమ్మిది, ఎనిమిది...

కిటికీ అద్దాన్ని రెండు తన్నులు తన్నాడు. మూడో తన్నుకి పగిలింది. రెండు సెకన్లుండగా ఫ్లాస్కు విసిరాడు. కింద సముద్రం తాటిచెట్టంత ఎత్తు లేచింది. క్యాబిన్ ఉయ్యాలలా ఊగి, నిలిచింది.

"ఇది టికెట్‌లోదేనా?" అన్నాడు ఒక లావుపాటి శాస్త్రవేత్త.

కొండ మీద దిగగానే చీఫ్ ఫోను. "శభాష్! ఆ గైడ్ నోరు విప్పింది. ముఠా అంతా దొరికింది. ఇంకేం కావాలో అడుగు."

"మీరు రావాలి సార్. బావ ఎందుకు చచ్చిపోయాడో మా అక్కకి మీ నోటితో చెప్పాలి."

"నేనా?"

"మీరే. బుల్లెట్‌ప్రూఫ్ కోటు మాత్రం మరిచిపోకండి."